మా ఇంటికి గుర్తింపు వచ్చిన సంవత్సరం

నిబంధనలంటే నాకు గౌరవం. ఇరవై ఆరేళ్ళుగా బస్ డిపోలో కంట్రోలరుగా పనిచేస్తున్నాను. బస్సు కదలాలంటే చీటీ మీద నా సంతకం ఉండాలి. సంతకం లేకపోతే డ్రైవరు, కండక్టరు, ఇంజను, అరవై మంది ప్రయాణికులు అందరూ ఉన్నా ఆ బస్సు లేనట్టే లెక్క. అందుకని, మా అమ్మాయి చదువుతున్నట్టు కాగితం లేదు గనక ఆమె చదవడం లేదని పరీక్షల ఆఫీసువాళ్ళు చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమైంది. కోపం తర్వాతెప్పుడో వచ్చింది.

మా అమ్మాయి పేరు ధాత్రి. తొమ్మిదో తరగతి సగం దాకా మా ఊళ్ళో బాగా పేరున్న బళ్ళో చదివింది. ఆ పేరు ఇక్కడ అనవసరం. దానికి నాలుగంతస్తులు, ఒక మైకు, వరండాలో పళ్ళెమంత ఇత్తడి గంట ఉన్నాయి. ప్రతి సోమవారం పరీక్ష. ప్రతి మంగళవారం ప్రార్థన అయ్యాక మైకులో ర్యాంకులు చదివేవాళ్ళు, ఒకటి నుంచి అరవై నాలుగు దాకా ఆపకుండా. ర్యాంకును బట్టి బెంచీ మారేది. ధాత్రి ముందు మూడో బెంచీలో ఉండేది, తర్వాత ఏడో బెంచీకి వెళ్ళింది, ఆ తర్వాత గంట మోగితే చాలు దాని చేతులు వణకడం మొదలైంది. పెన్ను పట్టుకుంటే కాగితం మీద గీత పడేది కాదు. తెలిసిన లెక్క ముందు కూడా ఊరికే చూస్తూ కూర్చునేది. ఒకరోజు పక్కింట్లో కాలింగ్ బెల్లు మోగితే వెళ్ళి మంచం కింద దూరింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ రోజు నేను ఏడ్చాను, అందులో దాచేదేం లేదు.

డాక్టరు గారు మందులు పెద్దగా రాయలేదు. "కొన్నాళ్ళు ఇంట్లోనే చదివించండి, భయం దానంతటదే తగ్గుతుంది" అన్నారు. మా ఆవిడ హైమావతి లెక్కల్లో బీఎస్సీ. పెళ్ళయ్యాక ఆ లెక్కలన్నీ పాల చీటీలకే ఖర్చయ్యాయి. మళ్ళీ పుస్తకాలు తీసింది. అన్నం తినే బల్ల మీద పాఠాలు మొదలయ్యాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ధాత్రి పెన్ను కదిలింది. పదో తరగతి పుస్తకాలు కూడా పట్టుకుంది. ఒకరోజు తనే నా దగ్గరికొచ్చి, "నాన్నా, మార్చిలో పరీక్ష రాస్తాను. ఇప్పుడు రాయకపోతే నాకు ఇంకెప్పుడూ ధైర్యం రాదేమో" అంది. నేను మర్నాడే సెలవు పెట్టి పరీక్షల ఆఫీసుకు వెళ్ళాను.

అక్కడ గుమాస్తా పేరు బాజీ. మంచివాడు. ఫారం తీసి అడిగాడు.

"ఏ స్కూలు సార్?"

"స్కూలు లేదండీ. ఇంట్లోనే చదువుతోంది."

"అట్టయితే ప్రైవేటు కింద కట్టండి, భేషుగ్గా రాసుకోవచ్చు. ఎన్నిసార్లు ఫెయిలయింది?"

"ఫెయిలవలేదు. ఇదే మొదటిసారి."

బాజీ మొహంలో జాలి కనిపించింది. "ప్రైవేటు కింద కట్టాలంటే ఒక్కసారన్నా ఫెయిలయ్యుండాల సార్."

"పోనీ, ఈసారి రాసి ఫెయిలయితే?"

"ఫెయిలవ్వాలన్నా ఏదో ఒక స్కూలు తరఫున రాయాల గదా సార్. స్కూలు లేకుండా ఫెయిలవడం కుదరదు."

లోపలి గదిలో పర్యవేక్షణాధికారి పరాంకుశం గారు ఉన్నారు. ఇరవై రెండేళ్ళు పల్లెటూరి బళ్ళల్లో పాఠాలు చెప్పి, ప్రమోషను మీద ఈ కుర్చీలోకి వచ్చిన మనిషి. నా మాట సాంతం విన్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చూడండి కంట్రోలరు గారూ. మా శాఖ దృష్టిలో విద్య అనేది పాఠశాలలో సంభవించే ప్రక్రియ. విద్యార్థులు లేని పాఠశాలలకు మా దగ్గర ప్రొవిజన్ ఉంది. నా పరిధిలోనే అలాంటివి పదకొండు సజావుగా నడుస్తున్నాయి. పాఠశాల లేని విద్యార్థికి మాత్రం ప్రొవిజన్ లేదు."

"మరి మా అమ్మాయి సంగతి ఏం చేయమంటారు సార్?"

"మీ అమ్మాయి ప్రస్తుతానికి విద్యాపరంగా ఉనికిలో లేదు. ఉనికిలోకి వచ్చాక దరఖాస్తు చేయండి. సానుభూతితో పరిశీలిస్తాం."

బయటికొస్తుంటే బాజీ వరండాలోకి పిలిచాడు. "సార్, ఇట్టా రండి, ఒక మాట. పిల్లకి బడి ఎతుక్కునే బదులు మీ ఇంటికే గుర్తింపు తెచ్చుకోండి. ఫారం నేనిస్తా. గదులెన్ని, కిటికీలెన్ని, గంట ఉందా, అన్నీ అడుగుద్ది. ఎంతమంది పిల్లలుండాలో మాత్రం అందులో లేదు. తయారుచేసినాయన ఆ గడి మర్చిపోయినట్టున్నాడు. పదేళ్ళ నుంచీ ఎవరూ చూసుకోలా."

ఇంటికొచ్చి చెప్తే హైమావతి, "ఏమండీ, గుర్తింపు ఇంటికా, మీకా?" అంది. కానీ ఫారం తనే నింపింది. పాఠశాల పేరు అన్న చోట మా అమ్మ పేరు పెట్టాం, శ్రీమతి సీతారావమ్మ ఉన్నత పాఠశాల అని. కరస్పాండెంటును నేను. ప్రధానోపాధ్యాయురాలు హైమావతి. విద్యార్థుల సంఖ్య ఒకటి.

సెప్టెంబరులో పరాంకుశం గారు టేపు పట్టుకుని తనిఖీకి వచ్చారు, వెనక బాజీ రిజిస్టరుతో. హాలు కొలిచి తరగతి గది అన్నారు. పడగ్గదిని ప్రయోగశాల అన్నారు. డాబాను ఆటస్థలంగా ఒప్పుకున్నారు, బంతి వీధిలో పడకుండా బోర్డు పెట్టమన్నారు. మా అమ్మ వంటింట్లో కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"ఈవిడ ఎవరు?"

"మా అమ్మండీ."

"మధ్యాహ్న భోజన విభాగం అని రాసుకో బాజీ. ఆరోగ్య ధ్రువపత్రం జతపరచాలి."

"నాకు డెబ్బై మూడు నాయనా," అంది అమ్మ, "నా చేత్తో తిన్నోళ్ళు ఇప్పటిదాకా బాగానే ఉన్నారు. నువ్వు తిని చూడు, కావాలంటే నువ్వే రాసియ్యి ఆ పత్రం."

ఆయన తిన్నారు. పత్రం మాత్రం వేరే తెమ్మన్నారు.

తర్వాత మరుగుదొడ్ల విషయం వచ్చింది. బాలురకొకటి, బాలికలకొకటి విడివిడిగా ఉండాలి. మా ఇంట్లో ఉన్నవే రెండు. బాలురు ఎవరూ లేరు గనక వాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి, దుర్వినియోగం కాకుండా తాళంచెవి ప్రధానోపాధ్యాయురాలి దగ్గర ఉంచాలి. విద్యార్థుల మరుగుదొడ్లను సిబ్బంది వాడరాదు. సిబ్బందిలో ఆడవాళ్ళిద్దరికీ మినహాయింపు దొరికింది, నాకు దొరకలేదు. ఆ ఏడాదంతా నేను తెల్లారేసరికి డిపోలో ఉండేవాణ్ణి. కారణం తెలియని మా మేనేజరు నాకు సమయపాలన ప్రశంసాపత్రం ఇచ్చారు.

అన్నీ చూశాక ఆయన వరండాలో నిలబడి అటూ ఇటూ వెతికారు. "గంట ఏది?"

తలుపు చాటున ఉన్న ధాత్రి గబుక్కున లోపలికి వెళ్ళిపోయింది. హైమావతి మెల్లగా చెప్పింది. "సార్, మా అమ్మాయి బడి మానేసిందే ఆ గంటకి భయపడి. గోడ గడియారం ఉంది కదండీ, అది సరిపోదా?"

"అమ్మా, గంట లేని చోట కాలం గడుస్తుంది గానీ పీరియడ్లు గడవవు. మీరు ఎనిమిది పీరియడ్లు చెప్పారనడానికి నా దగ్గర ఆధారం ఏమిటి? గంట అనివార్యం."

"మరి కొట్టేదెవరు సార్? అటెండరు లేడు" అన్నాను, ఏదో ఒక దారి దొరుకుతుందని.

"అటెండరు పోస్టు అరవై మంది దాటాకే. అంతవరకు తరగతి లీడరు కొట్టాలి. తరగతి లీడరును విద్యార్థులు ప్రజాస్వామ్యబద్ధంగా ఎన్నుకోవాలి. పోలైన ఓట్ల వివరం నాకు పంపండి."

ధాత్రి ఏకగ్రీవంగా ఎన్నికైంది.

డిపో తుక్కులో పడి ఉన్న పాత బస్సు బ్రేకు డ్రమ్ము ఒకటి అడిగి తెచ్చాను. వరండా దూలానికి గొలుసుతో కట్టి, పక్కన ఇనప కడ్డీ పెట్టాను. మొదటి రోజు ధాత్రి రెండు గంటలసేపు దాని ముందు నిలబడింది. చివరికి కడ్డీ వదిలేసి చారు గరిటె తెచ్చి, డ్రమ్మును నిద్ర లేపకూడదన్నట్టు ఒక్కసారి తాకించింది. టంగుమని కూడా అనలేదు. హైమావతి మాత్రం, "ఫస్టు పీరియడ్ మొదలైంది, కూర్చో తల్లీ" అంది.

వారం రోజులకు గరిటె పోయి కడ్డీ వచ్చింది. రెండో వారానికి గంట తన చేతిలో ఉంటే కాలం కూడా తన చేతిలోనే ఉంటుందని పిల్లకి అర్థమైంది. త్రికోణమితి విసుగొస్తే వెళ్ళి కొట్టేది, పీరియడ్ అయిపోయేది. వాళ్ళ అమ్మ గొంతు పెంచితే కొట్టేది. సెలవు రోజు నేను పేపరు పట్టుకుని కాఫీ రెండోసారి అడిగితే కొట్టేది, విరామం ముగిసిందని. సాయంత్రం నాలుగున్నరకు ఆగకుండా వాయించే లాంగ్ బెల్లు మొదలుపెడితే మా అమ్మ కూడా చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడేది. "మా కాలంలో ఈ గంట వినపడితే పలక వదిలేసి పారిపోయేవాళ్ళం అమ్మాయ్, ఇప్పటికీ కాళ్ళు ఆగవు" అనేది.

నిబంధనల ప్రకారం పొద్దున ఎనిమిదీ నలభై అయిదుకు ప్రార్థన. విద్యార్థులు వరుసలో నిలబడి చెయ్యి ముందుకు చాచి దూరం సరిచూసుకోవాలి. ధాత్రి చెయ్యి చాచి, ముందున్న తులసికోటకు తగినంత దూరంలో ఉన్నానని నిర్ధారించుకునేది. ర్యాగింగు చేయనని హామీపత్రం రాసింది. తల్లిదండ్రుల కమిటీ మరో తలనొప్పి. తల్లీ తండ్రీ ఇద్దరమూ సిబ్బందే గనక కమిటీలో ఉండకూడదు. అందుకని మా అమ్మను సంరక్షకురాలిగా తీసుకుని అధ్యక్షురాలిని చేశాం. మొదటి సమావేశంలోనే ఆమె, ప్రధానోపాధ్యాయురాలు పిల్లకి సరిగ్గా నూనె పెట్టడం లేదని తీర్మానం రాయించింది. అత్తాకోడళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ మౌనం మినిట్స్ పుస్తకంలో నమోదు కాలేదు.

డిసెంబరులో అర్ధవార్షిక పరీక్షలు పెట్టి ర్యాంకుల జాబితా పంపాం. ఒక్కటే పేరు, ఒకటో ర్యాంకు. వారం తిరక్కుండా పరాంకుశం గారు జీపులో దిగారు. మొహం గంభీరంగా ఉంది.

"మీ జాబితాను క్షుణ్ణంగా పరిశీలించాం. ఫస్టు ర్యాంకు విషయంలో అభినందనలు. కానీ తరగతిలో అందరికంటే వెనకబడిన విద్యార్థిని ఒకామె ఉంది. ఆమె విషయంలో మీరు తీసుకున్న చర్యలేమిటి?"

హైమావతికి అర్థం కాలేదు. "ఎవరండీ ఆమె?"

ఆయన కాగితం చూసుకున్నారు. "కుమారి ధాత్రి. జాబితాలో ఆఖరి పేరు ఆమెదే."

"ఫస్టు వచ్చింది కూడా అదే కదండీ!"

"అది వేరే గడి. వెనకబడిన విద్యార్థులకు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ప్రతిభావంతులను వీళ్ళతో కలపకూడదు, వారి స్థాయి పడిపోయే ప్రమాదం ఉంది. ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టండి."

నేను ధాత్రి వంక భయంగా చూశాను. ఆఖరి ర్యాంకు అన్న మాట మైకులో విని విని నలిగిన పిల్ల అది. ధాత్రి మొహం ఎర్రబడింది, పెదాలు బిగించింది, ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. నేలమీద కూలబడి నవ్వింది. "నాయనమ్మా, నాకు లాస్టు ర్యాంకు వచ్చింది! ఫస్టు అమ్మాయితో నన్ను కూర్చోనివ్వరంట!" అని కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఏడాదిన్నర తర్వాత ఇంట్లో విన్న నవ్వు అది. పరాంకుశం గారు మాత్రం, వెనకబడిన విద్యార్థినిలో క్రమశిక్షణా లోపం కనిపించిందని రిజిస్టరులో రాయించారు. నాకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

జనవరిలో గుర్తింపు వచ్చింది. దాని వెనకే ఫిబ్రవరిలో ఇంకో కవరు వచ్చింది. మా పాఠశాలలో గదులు, గంట, విడివిడి మరుగుదొడ్లు అన్నీ నిబంధనలకు నూటికి నూరుపాళ్ళు అనుగుణంగా ఉన్నందున, గత చరిత్రలో ఒక్క కాపీయింగు కేసు కూడా లేనందున, దీన్ని పదో తరగతి పరీక్షా కేంద్రంగా ఎంపిక చేశారట. ఇరవై నాలుగు మంది మా ఇంట్లో పరీక్ష రాస్తారట.

నేను ఎగిరి గంతేశాను. ధాత్రి తన ఇంట్లో, తన బల్ల మీద, తను కొట్టే గంటకే పరీక్ష రాస్తుంది! మైసూరుపాకు తెచ్చాను. రెండు ముక్కలు తిన్నాక హాల్‌టికెట్ వచ్చింది. కేంద్రం అన్న చోట ధాత్రి మానేసిన పాత బడి పేరుంది.

ధాత్రి హాల్‌టికెట్ బల్ల మీద పెట్టి చేతులు ఒళ్ళో దాచుకుంది. అవి వణుకుతున్నాయని నాకు తెలుసు. అప్పుడొచ్చింది నాకు కోపం.

నేనూ హైమావతీ ఆఫీసుకు పరుగెత్తాం. పరాంకుశం గారు ఆప్యాయంగా కూర్చోబెట్టారు.

"సొంత పాఠశాలలో పరీక్ష రాయడం నిషిద్ధం. దీన్నే జంబ్లింగు అంటాం. స్థానిక సిబ్బంది విద్యార్థినికి సహకరించే అవకాశం ఉంటుంది. ఇక్కడైతే సిబ్బంది సాక్షాత్తూ తల్లి! ఎంత ప్రమాదమో ఆలోచించండి."

"సార్, ఆ ఒక్క బడి తప్ప ఇంకేదైనా వేయండి" అని హైమావతి చేతులు జోడించింది. "అక్కడ దాని చెయ్యి పని చేయదండీ. ఇంతా చేసి ఖాళీ కాగితం ఇచ్చి వస్తుంది."

"కేంద్రాలు కంప్యూటరు వేసిందమ్మా. కంప్యూటరుకు మీ అమ్మాయి భయం గురించి తెలిపే గడి లేదు."

"అయితే మా గుర్తింపు వెనక్కి తీసుకోండి!" అని గట్టిగా అరిచాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ ఎవరి టేబుల్ ముందూ అరవలేదు.

"తక్షణం తీసుకుంటాను. కానీ అప్పుడు మీ అమ్మాయి మళ్ళీ ఉనికిలో లేకుండా పోతుంది. హాల్‌టికెట్ రద్దవుతుంది. ఆలోచించుకోండి."

బాజీ తల వంచుకుని ఫైలుకు దారం కట్టుకుంటున్నాడు. మేము ఇంటికి వచ్చేశాం.

ఆ నెలంతా ధాత్రి గంట కొట్టలేదు. హైమావతి పీరియడ్లు నోటితో చెప్పేది. ఒక సాయంత్రం మా అమ్మ పిల్ల పక్కన కూర్చుని, "ఎళ్ళబాకులే బంగారూ, పరీక్ష లేకపోతే ఏందంట, నేను రాయకుండానే బతకలా?" అంది. ధాత్రి డ్రమ్ము వంక చూసి, "వెళ్తా నాయనమ్మా. గేటు దాకా అయినా వెళ్తా" అంది.

మొదటి పరీక్ష రోజు మా ఇంటి చుట్టూ వంద మీటర్ల మేర 144 సెక్షన్ పెట్టారు. పాలవాణ్ణి సందు మొదట్లోనే ఆపేశారు. హాల్లో పన్నెండు మంది, పడగ్గదిలో ఎనిమిది మంది, వరండాలో నలుగురు. మా అమ్మ మంచాన్ని డాబా ఎక్కించారు. హైమావతి కేంద్రం వదిలి కదలకూడదని ఉత్తర్వు. కన్నకూతురు పరీక్షకు వెళ్తుంటే గేటు లోపల నుంచే చెయ్యి ఊపింది. ఆ గేటు మాదే.

నేను స్కూటరు మీద ధాత్రిని పాత బడికి తీసుకెళ్ళాను. నాలుగంతస్తులూ అలాగే ఉన్నాయి. గేటు దగ్గర దిగింది, నా చొక్కా అంచు వదల్లేదు. అంతలో గంట మోగింది. ధాత్రి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. నేను స్కూటరు తిప్పబోయాను. పోతే పోనీ, పిల్లకంటే పరీక్ష ఎక్కువా అనుకున్నాను.

"ఆగు నాన్నా," అంది. వింటోంది. "మూడో దెబ్బ తప్పింది. ఎవరు కొడుతున్నారు?"

గేటు సందులోంచి చూశాం. వరండాలో స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా వదులైపోయింది. ఒక చేత్తో గంట తాడు పట్టుకుని, రెండో చేత్తో కొయ్య సుత్తి ఎత్తుతున్నాడు. అన్నేళ్ళు ఆ బళ్ళో చదివినా, అది ఎవరు కొడతారో ధాత్రి ఎప్పుడూ చూడలేదట. గంట మోగితే తల వంచుకోవడమే అలవాటు.

"ఆయన చెయ్యి కూడా వణుకుతోంది నాన్నా," అంది మెల్లగా.

నా చొక్కా వదిలి లోపలికి నడిచింది. ఆయన దగ్గర ఆగి ఏదో చెప్పింది. ఆయన నవ్వి, సుత్తిని ఇంకాస్త పైకి పట్టుకున్నాడు. "ఏం చెప్పావే?" అని తర్వాత అడిగాను. "కొస కాకుండా మధ్యలో పట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టదని చెప్పా" అంది. ఆ రోజు మూడు గంటలసేపు నేను గేటు బయట నిలబడ్డాను. బయటికొచ్చినప్పుడు దాని వేళ్ళకు సిరా ఉంది. నాకంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది.

మా ఇంటి కేంద్రంలోనూ కథ నడిచింది. వరండాలో కూర్చున్న ఒక అమ్మాయి ప్రశ్నపత్రం ఇవ్వకముందే చెమటలు పట్టి ఏడుపు మొదలుపెట్టిందట. హైమావతి ఆ పిల్ల చేతికి కడ్డీ ఇచ్చి, "మొదటి గంట నువ్వే కొట్టమ్మా, నువ్వు కొడితేనే పరీక్ష మొదలు" అందట. నిబంధనల్లో అలా చేయవద్దని ఎక్కడా లేదు. మా అమ్మ మాత్రం దొరికిపోయింది. ఎండకు పిల్లలు వాడిపోతున్నారని గ్లాసులతో మజ్జిగ అందిస్తుంటే స్క్వాడు వచ్చి, ద్రవరూపంలో సహకారం అందించినట్టు కేసు రాశారు. స్వాధీనం చేసుకున్న మజ్జిగను ముగ్గురు సభ్యులూ తాగి పరీక్షించారు. సమాధానాలేవీ కనిపించలేదని, ఉప్పు కొంచెం తక్కువైందని నివేదిక ఇచ్చారు. అత్తగారి మజ్జిగలో ఉప్పు తక్కువని ప్రభుత్వం రాసిచ్చిన ఆ కాగితాన్ని హైమావతి బీరువాలో దాచింది.

ఫలితాలు వచ్చాయి. ధాత్రి పాసైంది. ఎన్ని మార్కులో నేను చెప్పను, ధాత్రే చెప్పవద్దంది. శ్రీమతి సీతారావమ్మ ఉన్నత పాఠశాల నూటికి నూరుశాతం ఉత్తీర్ణత సాధించింది. ప్రశంసాపత్రం పట్టుకుని పరాంకుశం గారు, ఫొటో తీయడానికి బాజీ మా ఇంటికి వచ్చారు. నేను ప్రశంసాపత్రం పక్కన పెట్టి టీసీ ముందు పెట్టాను. కాలేజీలో చేరాలంటే టీసీ కావాలి. ప్రధానోపాధ్యాయురాలు తల్లే గనక దాని మీద ఆయన సంతకం కూడా ఉండాలి.

ఆయన చదువుతూ ఒక చోట ఆగిపోయారు. "పాఠశాల విడిచి వెళ్ళుటకు కారణం. ఇక్కడ ఏం రాశారమ్మా? భయం తగ్గింది?"

"అవునండీ" అంది హైమావతి.

"ఇది పట్టికలో లేదు. పట్టికలో తండ్రి బదిలీ, అనారోగ్యం, పేదరికం, వివాహం, క్రమశిక్షణా చర్య, మరణం ఉన్నాయి. వీటిలో ఒకటి ఎంచుకోండి."

"వీటిలో ఏదీ మా పిల్లకి జరగలేదు సార్. జరిగింది అదే."

"ఇతరములు కింద వేయవచ్చు. అయితే భయం ఏ తేదీన తగ్గిందో పక్క గడిలో చూపాలి. ధ్రువీకరించే అధికారి ఎవరు? భయం పూర్తిగా తగ్గిందా, పాక్షికంగా తగ్గిందా? పాక్షికమైతే మిగిలిన భాగం బాధ్యత ఏ సంస్థది? ఇవన్నీ తేలకుండా నేను సంతకం చేస్తే, రేపు పైనుంచి ఒక ఆడిట్ వచ్చి..."

ఆయన చెప్పుకుపోతున్నారు. బాజీ కెమెరా ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. ధాత్రి లేచి వరండాలోకి వెళ్ళింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. కడ్డీ అందుకుని, మధ్యలో పట్టుకుని, ఆపకుండా లాంగ్ బెల్లు వాయించింది.

పరాంకుశం గారు మాట మధ్యలోనే లేచి నిలబడ్డారు. మొహం వెలిగిపోయింది. నిలబడే సంతకం గిలికేసి, ముద్ర గుద్ది, పెన్నుకు మూత పెట్టి, సంచీ భుజాన తగిలించుకుని, గబగబా మెట్లు దిగిపోయారు. తను గంటకి లేచి వచ్చేశానని గేటు దాకా వెళ్ళాక గానీ ఆయనకు తెలియలేదు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశారు. మళ్ళీ లోపలికి వస్తారేమోనని నేను టీసీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన కాసేపు ఆ డ్రమ్ము వంకే చూసి, "బాగా కొడుతోంది" అని వెళ్ళిపోయారు. ఫొటో తీయడం ఎవరికీ గుర్తు రాలేదు.

టీసీ తీసి చూశాం. సంతకం ఉంది. ముద్ర ఉంది. కారణం అలాగే ఉంది. తేదీ గడి ఒక్కటే ఖాళీగా వదిలేశారు.

నాకు ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పెన్ను తీసి, "ఏ తేదీ వేద్దాం తల్లీ? లాస్టు ర్యాంకు వచ్చిన రోజు వేయనా? గేటు లోపలికి వెళ్ళిన రోజు వేయనా?" అని అడిగాను.

ధాత్రి కడ్డీని గోడకు ఆనించి వచ్చి, నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టేసింది.

"అప్పుడే వద్దు నాన్నా," అంది. "ఇంకా కొంచెం ఉంది."